అద్దె ఇల్లూ ఆరంగుళాల అద్దమూ



మా ఇంట్లో మంచం కింద ఏడేళ్ళపాటు ఒక అట్టపెట్టె ఉండేది. అందులో పాత తువ్వాలులో చుట్టిన రెండు గాజు బిళ్ళలు. ఒక్కొక్కటీ ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం, కిలో పైచిలుకు బరువు. పనమ్మాయి ఊడ్చేటప్పుడు ఆ పెట్టెని అటు నెట్టేది, తడిగుడ్డ పెట్టేటప్పుడు ఇటు నెట్టేది. చుట్టాలెవరైనా చూసి "ఇవేమిటి, పేపరు వెయిట్లా?" అంటే నేను మాట మార్చేవాణ్ణి. అందులో ఒకటి టెలిస్కోపు అద్దం కావలసింది. మొదలుపెట్టిన ఏడాది ఉత్సాహంగా నూరాను. తరవాత ఆఫీసు, అమ్మాయి చదువు, నా నడుం నొప్పి. ఈ మూడింటిలో అసలు కారణం ఏదని అడిగితే, నాలుగోది, బద్ధకం.

మొన్న మాఘమాసంలో ఇంటి ఓనరుగారు ఫోన్ చేశారు. పదకొండేళ్ళుగా విశాఖపట్నం సీతమ్మధారలో ఆయన ఇంట్లోనే ఉంటున్నాం. "మా అబ్బాయికి ఇక్కడికే ట్రాన్స్‌ఫరైందండీ. మీరు నిదానంగానే చూసుకోండి, తొందరేమీ లేదు. మే నెలాఖరుకి ఇచ్చేస్తే చాలు" అన్నారు. తొందర లేదన్న మాటా, మే నెలాఖరన్న మాటా ఒకే ఊపిరిలో వచ్చాయి.

ఆ సాయంత్రమే మా ఆవిడ ఒక నోటుపుస్తకం తీసి ఇంట్లో ఉన్న వస్తువులన్నీ రాయడం మొదలుపెట్టింది. తీసుకెళ్ళేవి ఒక పేజీ, పారేసేవి ఒక పేజీ, ఎవరికైనా ఇచ్చేవి ఒక పేజీ. మంచం కింది పెట్టె దగ్గర కలం ఆగింది. "ఏమండీ, సగం పనులేవీ కొత్తింటికి రావు. పూర్తి చేస్తారా, పాతసామాన్ల వాడికి వేసేద్దామా?" అంది. నేనేదో అనబోయే లోపల, సగం కుట్టి అటకమీద పెట్టిన తన అద్దాలపని చీరని తీసుకెళ్ళి పక్కింటావిడకి ఇచ్చేసి వచ్చింది. ఇక నాకు తప్పించుకునే దారి లేదు.

అలా ఈ రెండు పనులూ ఒకేరోజు మొదలయ్యాయి. పగలు అద్దె కోసం, రాత్రి అద్దం కోసం.

అద్దం నూరడమంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. గంధం తీసే సాన మీ ఇంట్లో ఉంటే చూడండి, పాతదైతే మధ్యలో కాస్త గుంటపడి ఉంటుంది. చెక్కా రాయీ ఒకదాన్నొకటి తింటాయి. ఇదీ అంతే. ఒక గాజు బిళ్ళ కింద, ఒకటి పైన. మధ్యలో కార్బోరండం పొడి, కొద్దిగా నీళ్ళు. పైబిళ్ళని ముందుకీ వెనక్కీ తోస్తూ, నాలుగు తోపులకోసారి దాన్ని కాస్త తిప్పుతూ, మనం కూడా చుట్టూ తిరుగుతూ నూరాలి. పైబిళ్ళ బయటికి జరిగినప్పుడల్లా బరువు దాని నడిమి మీదా, కింది బిళ్ళ అంచు మీదా పడుతుంది. అందుకని పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఎవరూ గీసి ఇవ్వకుండానే ఆ గుంట గోళంలో ముక్కలా కుదురుతుంది, ఎందుకంటే రెండు గాజులు ఏ పక్కకి జరిపినా అతుక్కుని ఉండగలిగే ఆకారం గోళం ఒక్కటే.

నాకు కావలసింది నలభై ఎనిమిది అంగుళాల నాభ్యంతరం, అంటే అద్దం నుంచి వెలుగు కూడే చోటుకి ఉన్న దూరం. దానికి ఎంత లోతు తవ్వాలో తెలుసా? నడిమధ్యన 1.2 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ళ మందం కూడా లేదు! దానికోసం 80 నంబరు పొడితో మొదలుపెట్టి 120, 220, 320, 400, 600 దాకా వెళ్ళాలి. 80 నంబరు సన్నరవ్వలా గరగరలాడుతుంది, 600 మైదాలా మెత్తగా ఉంటుంది. నంబరు మారినప్పుడల్లా బల్లా, చేతులూ, గిన్నెలూ, వేసుకున్న చొక్కాతో సహా అన్నీ కడగాలి. మెత్తటి పొడిలో ఒక్క రవ్వ గింజ మిగిలిందా, అద్దం మీద గీత పడుతుంది, మళ్ళీ వెనక్కి పోవాలి. మడీ ఆచారం మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, 220 నుంచి 320కి మారిన రాత్రి మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నూరడానికి బల్ల కదలకూడదు, చుట్టూ తిరిగే చోటుండాలి. వెనక వసారాలో ఓ పాత ఇనప డ్రమ్ము పెట్టి, దాన్నిండా ఇసక పోసి, దాని మీద బిగించాను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణాలు. మా అత్తగారు విజయనగరం నుంచి వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఇన్ని ప్రదక్షిణాలు సింహాద్రి అప్పన్నకి చేసుంటే ఇల్లెప్పుడో దొరికేది నాయనా" అంది. ఆవిడే ఇంకో మాట కూడా అని వెళ్ళింది. "ఏది ఏమైనా ఆషాఢంలో మాత్రం ఇల్లు మారొద్దు. జ్యేష్ఠం దాటకుండా పాలు పొంగించెయ్యండి." అంటే మాకు ఓనరుగారి గడువు ఒకటి, పంచాంగం గడువు ఒకటి.

ఇక ఇళ్ళ సంగతి. అక్కయ్యపాలెం, మురళీనగర్, మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ. ఆదివారం పొద్దున్న స్కూటరు మీద బయల్దేరి టూలెట్ బోర్డులు చూసుకుంటూ వీధుల్లో తిరగడం. ఫోన్లో ఫొటోలు చూసి వెళ్ళిన ఇళ్ళ గురించి చెప్పేదేం లేదు. ఫొటోలో కల్యాణమంటపంలా ఉన్న గదిలో మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. బ్రోకరు సంగతీ మీకు తెలిసిందే, మూడు చెడ్డవి చూపించాక నాలుగోది ఎలాంటిదైనా బాగున్నట్టే ఉంటుందని వాళ్ళ లెక్క. మంచినీళ్ళ కుళాయి రోజూ వస్తుందా అంటే "బోరుందండీ" అంటారు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా అంటే "కుళాయి వస్తుందండీ" అంటారు.

మిగతావాళ్ళకీ నాకూ ఒక తేడా ఉంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు వంటగది ఆగ్నేయంలో ఉందా, వీధిగుమ్మం ఎటుంది అని చూస్తారు. మా ఆవిడ ఆ పని చేస్తూ ఉండగా నేను జేబులోంచి టేపు తీసి హాలు పొడవు కొలిచేవాణ్ణి. అద్దం సరిగ్గా వచ్చిందో లేదో పరీక్ష చెయ్యాలంటే దానికి ఎదురుగా ఎనిమిది అడుగుల దూరంలో కూర్చోవాలి. వెనక మనిషి పట్టే చోటుతో కలిపి పదకొండు అడుగులైనా కావాలి. ఓనర్లు సోఫా కోసమనుకునేవారు. తరవాత నేనడిగే రెండో ప్రశ్నకి మాత్రం అందరి మొహాలూ మారిపోయేవి. "మేడ మీదికి తాళం వేస్తారా అండీ?"

మద్దిలపాలెంలో ఒక పెద్దావిడ ఇల్లు. పైవాటా, గాలీ వెలుతురూ బాగున్నాయి, అద్దె పదహారు వేలు. కింద అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి ఆవిడ విచారణ మొదలుపెట్టింది. ఎంతమంది, ఏం ఉద్యోగం, సొంతూరేది, నాన్‌వెజ్ వండుతారా, చుట్టాలెక్కువా. మీరేవిట్లు అన్నది సూటిగా అడక్కుండా ఇంటిపేరు అడిగి, మేనమామల ఊరడిగి, చుట్టూ తిప్పి తెలుసుకుంది. అన్నిట్లోనూ నెగ్గాం. ఆఖర్న, "రాత్రుళ్ళు సప్పుడు చేసే పనులేటైనా ఉన్నాయా?" అంది. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. అయినా నేను నిజం చెప్పేశాను.

"కొంచెం నూరతానండీ."

"ఏటి నూరతారు? మందులా?"

"కాదండీ, గాజు."

ఆవిడ చేతిలో గ్లాసు కిందపెట్టింది. "గాజు నూరడమేటి బాబూ?"

చెప్పాను. టెలిస్కోపనీ, చంద్రుణ్ణీ శనినీ చూడొచ్చనీ. శని అన్న మాట ఆ సందర్భంలో అనకుండా ఉండాల్సింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే అర్ధరాత్రేళ మేడెక్కి గొట్టం పెట్టి సూస్తారన్నమాట. చుట్టూరా ఆడపిల్లలున్న ఇళ్ళు. ఎవులైనా పోలీసులకి చెప్తే నానేటి చెప్పాల?" అంది. ఆవిడ తప్పేం లేదు. నేనా స్థానంలో ఉన్నా అదే అడిగేవాణ్ణి. బయటికొచ్చాక మా ఆవిడ స్కూటరెక్కుతూ, "పేపర్ వెయిట్లు నూరతానని చెప్పినా సరిపోయేది" అంది.

ఆ మర్నాడు రాత్రి 400 నంబరు పొడి పూర్తిచేశాను. ఒక సంగతి గమనించాను. ఇళ్ళ వేటలో ఆరు వారాలు తిరిగాం. ఏడో వారం మొదలయ్యేసరికి మొదటి రోజు ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం. చూసిన ఇరవై ఇళ్ళ శ్రమ ఇరవై ఒకటో ఇంటికి పైసా పనికిరాదు. డ్రమ్ము దగ్గర అలా కాదు. గంట నూరితే గంట పని జరిగినట్టే. భూతద్దం పెట్టి చూస్తే నిన్న కనిపించిన గుంటలు ఇవాళ సగమయ్యాయి. తప్పు చేసినా ఎక్కడ చేశానో తెలుస్తుంది. అంతకుముందు ఏడేళ్ళలో లేని శ్రద్ధ ఆ మూడు నెలల్లో ఎందుకొచ్చిందంటే, రోజంతా జవాబు చెప్పని మనుషుల చుట్టూ తిరిగి వచ్చినవాడికి జవాబు చెప్పే వస్తువు ఒకటి కావాల్సొచ్చింది.

ఇల్లు మారడం, అద్దం నూరడం, ఈ రెండు పీడలూ కలిపి పడ్డ మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. విలియం హెర్షెల్. 1738లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టి, ఇంగ్లండుకి వలసపోయి, బాత్ అనే ఊళ్ళో చర్చిలో ఆర్గన్ వాయిస్తూ సంగీతం పాఠాలు చెప్పుకుని బతికేవాడు. 1773 ప్రాంతంలో అద్దాల పిచ్చి పట్టుకుంది. అప్పటి అద్దాలు గాజువి కావు, రాగీ తగరమూ కలిపి పోత పోసినవి. ఆయన చెల్లెలు కరొలీన్ ఇల్లు నడిపేది. ఇంట్లో దాదాపు ప్రతి గదీ కార్ఖానా అయిపోయిందని ఆవిడ తన జ్ఞాపకాల్లో వాపోయింది. మెరుగుపెట్టేటప్పుడు చెయ్యి తియ్యకూడదని ఆయన పంతం. ఒకసారి పదహారు గంటలు అలాగే ఉండిపోతే ఆవిడే నోట్లో ముద్దలు పెట్టింది. పోత మూసకోసం గుర్రప్పేడ దంచి జల్లెడ పట్టింది కూడా ఆవిడే. ఈ కథ చెబితే మా ఆవిడ, "చెల్లెలు కాబట్టి పెట్టింది" అంది.

ఆయన కూడా బాత్‌లో ఒక్క ఇంట్లో కుదురుగా లేడు. కొన్నాళ్ళు ఉన్న రివర్స్ వీధి ఇంటికి పెరడు లేదు. 1779 చివర్లో ఒక రాత్రి చంద్రుడు ఇంటి ముందువైపున ఉంటే ఏడడుగుల టెలిస్కోపుని ఏకంగా వీధిలోకి మోసుకొచ్చి చూస్తున్నాడు. దారిన పోతున్న విలియం వాట్సన్ అనే వైద్యుడు ఆగి, నేనూ చూడొచ్చా అని అడిగాడు. ఆ పరిచయంతోనే హెర్షెల్ పేరు లండన్ పండితులదాకా వెళ్ళింది. ఆ తరవాత 1781 మార్చిలో, అంతకుముందు ఉండి వెళ్ళిన న్యూ కింగ్ వీధి 19వ నంబరు ఇంటికే మళ్ళీ మారాడు. దానికి పెరడుంది. ఆ మార్చి 13 రాత్రి ఆ పెరట్లోంచే, ఆరంగుళాల పైచిలుకు అద్దంతో, యురేనస్‌ని కనిపెట్టాడు. కరొలీన్ ఆ రాత్రి అక్కడ లేదు. పాత ఇంట్లో సామాను సర్దుతూ ఉండిపోయిందట. ఇల్లు మారేటప్పుడు ఎవరు మేడ మీద ఉంటారో, ఎవరు సామాను కడతారో, రెండు వందల నలభై ఏళ్ళయినా పెద్దగా మారలేదన్నమాట.

అదే ఇంటి నేలమాళిగలో ఆ ఆగస్టులో మూడడుగుల అద్దం పోత పోయబోతే, కరిగిన లోహం కారిపోయి నేలమీద పరిచిన రాతిపలకలు టపటపా పేలి లేచాయి. అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అద్దెకుండేవాడు ఈ పని చేస్తే అడ్వాన్సు తిరిగివస్తుందా అన్నది నాకొచ్చిన మొదటి సందేహం.

పరాయి దేశందాకా ఎందుకు, మా ఊళ్ళోనే ఇలాంటి కథ ఒకటి ఉంది. ఇళ్ళ కోసం ఒకరోజు డాబాగార్డెన్స్ వైపు వెళ్ళాం. ఇప్పుడక్కడ దుకాణాలు, ట్రాఫిక్కు. 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు ఆ డాబాగార్డెన్స్‌లో తన సొంత ఇంటి ఆవరణలోనే నక్షత్రశాల కట్టించుకున్నాడు. మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దొరగారి దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చినవాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని ఎత్తుకున్నాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచిపోవడాన్ని ఈ ఊళ్ళోంచే చూసి లెక్కలు రాసి లండన్‌కి పంపాడు. మామగారి సరదాని అల్లుడు పూర్తిచెయ్యడం నాకు భలే నచ్చింది. ట్రాఫిక్కులో స్కూటరు ఆపి ఈ సంగతి చెబితే మా ఆవిడ, "సొంతిల్లు కదండీ ఆయనకి" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మురళీనగర్‌లో ఒక ఇల్లు దొరికినట్టే దొరికి పోయింది. దాని గురించి ఇప్పటికీ మేమిద్దరం మాట్లాడుకోం. హాలు పదహారు అడుగులు, మేడకి తాళం లేదు, కుళాయి రోజూ వస్తుంది. ఓనరు మర్యాదస్తుడు. పడమటి గుమ్మం ఒకటే తకరారు. "రేపు పొద్దున్న చెబుతామండీ" అని వచ్చేశాం. రాత్రంతా పడమటి గుమ్మం మంచిదా కాదా అని తర్జనభర్జన. పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ చేస్తే, రాత్రి తొమ్మిదింటికే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారన్నాడు. ఆ రోజు ఇద్దరం ఆఫీసులకి టిఫిన్లు చేయకుండా వెళ్ళాం.

ఈలోగా నూరడం అయిపోయింది. ఇక మెరుగు. గాజు బిళ్ళ మీద గట్టి జిగురుపొర పోసి, గడులుగా గాట్లు పెట్టి, దానిమీద సీరియం ఆక్సైడ్ అనే ఎర్రమన్నులాంటి పొడితో రుద్దాలి. గుగ్గిలం లాంటి రెజిన్‌ని కరిగించి కొంచెం ఆముదం కలిపి ఆ జిగురు చేసుకున్నాను. ఆముదం ఎక్కువైతే మెత్తబడిపోతుంది, తక్కువైతే అద్దాన్ని గీరుతుంది. మా ఊరి ఎండల్లో దాని పాకం కుదరడానికి మూడుసార్లు పారేశాను. ఇల్లంతా కోవెల వాసన.

పరీక్ష గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. లియోన్ ఫూకో అనే ఫ్రెంచాయన, లోలకం వేలాడదీసి భూమి తిరుగుతోందని చూపించినాయన, 1858లో చెప్పిన ఉపాయం. అద్దాన్ని హాలుకి ఒక చివర నిలబెట్టి, ఎనిమిది అడుగుల అవతల సూదిబెజ్జమంత దీపం పెడతాం. అద్దంలోంచి తిరిగొచ్చిన వెలుగు ఆ దీపం పక్కనే ఒక చుక్కగా కూడుతుంది. ఆ చుక్కని బ్లేడు అంచుతో మెల్లగా కోస్తూ, దాని వెనక కన్ను పెట్టి అద్దాన్ని చూడాలి. అంతే. ఆ బ్లేడు ఖరీదు రెండు రూపాయలు. ఆ బ్లేడే మైక్రానులో పదోవంతు ఎత్తుపల్లాలని కొండలూ లోయల్లా చూపిస్తుంది.

ఏప్రిల్ నెలలో, రాత్రి ఒంటిగంటన్నరకి, వీధిలో లారీలు ఆగాక చేశాను. ఫ్యాను వెయ్యకూడదు, గాలి కదిలితే అద్దం మీద పొగలా అలలు కనిపిస్తాయి. చెమట కారిపోతోంది. మా అమ్మాయి నిద్ర రాక లేచొచ్చి పక్కన కూర్చుంది. బ్లేడు జరిపాను. అద్దం మొత్తం ఒక్కసారిగా, ఒకే తీరున, మసకబడింది. అంటే గోళం కుదిరింది. "నాన్నా, నేనోసారి ముట్టుకోనా?" అంది. నాలుగు గుక్కల ఊపిరి సేపు బొటనవేలు ఆనించి తీసింది. మళ్ళీ చూస్తే, వేలు పెట్టిన చోట బొప్పి కట్టింది! ఒంటి వెచ్చదనానికి గాజు ఉబ్బింది. చూస్తూ ఉండగా కొన్ని నిమిషాలకి అది మెల్లగా అణిగి, మాయమైపోయింది. అంత రాయిలాంటి గాజు చిన్నపిల్ల వేలికి లేచి కూర్చుంటుందని పుస్తకాల్లో చదివాను గానీ, కంటితో చూడ్డం వేరు.

ఇక్కణ్ణుంచి గోళాన్ని పారబోలాగా మార్చాలి. నడిమిని ఇంకాస్త లోతు చెయ్యాలన్నమాట. ఎంతో తెలుసా? మైక్రానులో మూడోవంతు కూడా లేదు. వెంట్రుకని రెండొందల పొరలుగా చీల్చగలిగితే ఒక పొరంత. అది కుదిరిందో లేదో చూసే పద్ధతి మాత్రం తమాషాగా ఉంటుంది. బ్లేడు సరైన చోట ఉన్నప్పుడు అద్దం మీద నీడలు పరుచుకుని, నడిమిన గుంటా చుట్టూ ఉబ్బూ ఉన్నట్టు, అచ్చం గారెలా కనిపిస్తుంది. గారె రాలేదు, ఒక పక్క అంచు కుంగిపోయింది. అంచు కుంగితే మళ్ళీ గోళం దాకా వెనక్కి. అప్పటికే ఓనరుగారిని బతిమాలి గడువు జూను దాకా పెంచుకున్నాం.

ఇల్లు చూపించింది ఇస్త్రీ అబ్బాయి. ఈ ఉపాయం మీలో ఇళ్ళు వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుంది, రాసుకోండి. ఎవరు ఇల్లు ఖాళీ చేస్తున్నారో టూలెట్ బోర్డు కన్నా ముందు ఇస్త్రీ చేసేవాడికి తెలుస్తుంది. ఊరెళ్ళేవాళ్ళు మూట పంపరు, మానేసేవాళ్ళు లెక్క తీర్చేస్తారు. పెదవాల్తేరులో ఉండే తన బావమరిది బండి దగ్గర ఒకరు లెక్క తీర్చేశారని అతను మా ఆవిడతో చెప్పాడు. ఆ సాయంత్రం నాతో చెప్పకుండా తనే వెళ్ళి చూసొచ్చింది. తూర్పు గుమ్మం, రెండు గదులు, పద్దెనిమిది వేలు. అనుకున్నదానికన్నా ఎక్కువే.

"హాలెంత?" అన్నాను.

"పన్నెండున్నర అడుగులు. చీర కొంగుతో కొలిచాను" అంది. తరవాత బ్యాగులోంచి తాళంచెవి ఒకటి తీసి బల్లమీద పెట్టింది. మేడది. ఓనరుగారు రిటైరైన పోర్టు ఉద్యోగి, మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేకపోతున్నారట. మేడమీద ట్యాంకు నిండిందో లేదో చూసి మోటారు కట్టేసే మనిషి కావాలట. ఆ పని ఒప్పుకుంటే తాళం మన దగ్గరే. పదకొండు నెలల అగ్రిమెంటులో ఆ షరతు కూడా రాయించారు.

జ్యేష్ఠంలో ఆఖరి మంచిరోజు చూసుకుని మారాం. వ్యాను ముందు వెళ్ళింది. వెనక ఆటోలో మేమిద్దరం. ఆవిడ చేతిలో పాలు పొంగించడానికి కొత్త గిన్నె, నా ఒళ్ళో తువ్వాలులో చుట్టిన అద్దం. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరం ఎవరిది వాళ్ళం గట్టిగా పట్టుకున్నాం. సగం పని కొత్తింటికి రాకూడదన్న నియమం అలా తప్పిపోయింది. ఎవరూ దాని ఊసెత్తలేదు.

గారె ఆషాఢం మూడోవారంలో వచ్చింది. గొట్టానికి ప్లంబింగ్ సామాన్ల కొట్లో ఎనిమిదంగుళాల పీవీసీ పైపు కొన్నాను. మేడమీదికి మోస్తుంటే ఎదురింటాయన "సెప్టిక్ ట్యాంకా అండీ?" అని పరామర్శించాడు. కింద ఆనుకునే పెట్టె ప్లైవుడ్‌ది. ఆ తరహా పెట్టెని వాడుకలోకి తెచ్చింది జాన్ డాబ్సన్ అనే అమెరికా సన్యాసి. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయంలో దీక్ష తీసుకుని, మఠంలో దొంగచాటుగా టెలిస్కోపులు చేస్తూ, 1967లో మఠంలోంచి బయటికి వెళ్ళాల్సి వచ్చిన మనిషి. తరవాత వీధుల్లో టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్ళందరికీ ఆకాశం చూపించాడు. ఇల్లు ఖాళీ చేయించినా సరదా వదలని వాళ్ళలో ఆయనది పెద్దపీట.

అద్దానికి అల్యూమినియం పూత ఇంకా వేయించలేదు. శూన్యంలో వేసే పూత అది, వేరే ఊరు పంపాలి, వానలు తగ్గాక పంపుదామని. పూత లేని గాజు పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులే తిప్పి పంపుతుంది. చంద్రుడికి అది చాలు. కానీ ఆషాఢం, మబ్బులు. పదహారు రాత్రులు పైకెళ్ళి, ట్యాంకు చూసి, మోటారు కట్టేసి కిందికొచ్చాను.

పదిహేడో రాత్రి ఎనిమిదింటికి సముద్రం వైపు మబ్బు కాస్త విడింది. మోటారు వేసి ఉంది. అమ్మాయినీ ఆవిడనీ కేకేశాను. గొట్టం తిప్పి, కటకం ముందుకీ వెనక్కీ జరుపుతుంటే మసకమసక వెలుగు ఒక్కసారి గట్టిపడి అంచు దొరికింది. వెలుగూ చీకటీ కలిసే గీత పొడుగునా గుంటలు, వాటి లోపల నల్లటి నీడలు, ఒక గుంట మధ్యలో చిన్న శిఖరం. మా ఆవిడ కన్ను పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "జరిగిపోతోందండీ, పట్టుకోండి" అంది. నిజమే, భూమి తిరుగుతుంది కాబట్టి నిమిషంలో చంద్రుడు గొట్టంలోంచి జారిపోతాడు. నేను గొట్టాన్ని ఒక వేలితో నెట్టాను.

ఇంతలో ఫోన్ మోగింది. కింది నుంచి ఓనరుగారు.

"పైనున్నట్టున్నారు. ట్యాంకు నిండిందేమో చూసి మోటారు కట్టేస్తారా?"

చూశాను. నీళ్ళు అప్పటికే పొంగి మేడంతా పారుతున్నాయి.